ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈవేళ బొంతల గురించి మాట్లాడదామని వచ్చాను. బొంత అనగానే, "ఇదేం విషయం, ఇంకేమీ దొరకలేదా ఈవిడకి?" అని కొందరు రేడియో తగ్గించి పోపు వేసుకోవడానికి లేస్తారు. పోపు వేసుకోండి గాని, ఒక చెవి ఇటు పారేయండి. ఎందుకంటే ముందుగా నేను మీ ముందొక తప్పు ఒప్పుకోవాలి.

రెండేళ్ళ క్రితం ఇదే మైకు ముందు కూర్చుని, కొత్త గుడ్డ రంగు పోకుండా ఉండాలంటే బకెట్ నీళ్ళలో గుప్పెడు రాళ్ళుప్పు, నాలుగు చెంచాల వెనిగర్ వేసి ఒక రాత్రి నానబెట్టండని చెప్పాను. ఉప్పు మాట మా అమ్మ నాకు చెప్పింది, ఆవిడకు వాళ్ళమ్మ చెప్పింది. వెనిగర్ మాట ఎక్కడో చదివాను. మూడు తరాల మాట గదా, తప్పవుతుందని కలలో కూడా అనుకోలేదు. ఆ తరవాత నెలకు ఒక ఉత్తరం వచ్చింది. "అమ్మా, మీరు చెప్పినట్లే ఉప్పు వేశాను. రంగు నిలవలేదు సరిగదా, మా అత్తగారి తెల్ల దుప్పటి గులాబీ రంగుకు తిరిగింది. ఇంట్లో మాట పడ్డాను" అని. నేనేం చేశాను? ఉప్పు తక్కువ వేసి ఉంటుందిలే అనుకుని ఆ ఉత్తరం సొరుగులో పడేశాను. ఆ సోదరి ఈవేళ వింటూ ఉంటే నన్ను క్షమించాలి. ఆవిడ ఉప్పు తక్కువ వేయలేదు. నేనే తెలివి తక్కువగా చెప్పాను.

అది నాకు ఎలా తెలిసివచ్చిందో చెబుతాను.

బొంతంటే మీకు వేరే చెప్పాలా! పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, చుట్టూ అంచు మడిచి, ఈ కొస నుంచి ఆ కొసకు వరసలు వరసలుగా సూదితో కుట్టుకుంటూ పోవడమే. మా చిన్నప్పుడు వేసవి మధ్యాహ్నాలు వసారాలో బొంత పరిచి, తలో మూలా ఒకరు కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ కుట్టేవారు. సాయంత్రానికి బొంతా పూర్తయ్యేది, ఊళ్ళో సంగతులూ పూర్తయ్యేవి. తరవాత ఫోము పరుపులూ, మెత్తటి బ్లాంకెట్లూ వచ్చి బొంతను అటక ఎక్కించాయి. ఇప్పుడు అదే బొంత క్విల్టు అనే పేరుతో పెద్ద కొట్లలో వేల రూపాయలకు అమ్ముడవుతోంది. మన ఆడపిల్లలు కూడా రంగురంగుల ముక్కలు చేర్చి అతుకుల బొంతలు కుట్టడం నేర్చుకుంటున్నారు. సంతోషమే.

పాత చీరలతో మాత్రమే కుట్టినన్నాళ్ళూ రంగు బాధ లేదు. పదేళ్ళు ఉతికిన చీరలో పోవలసిన రంగు ఎప్పుడో పోయింది, కుదించుకోవలసినది ఎప్పుడో కుదించుకుంది. చిక్కల్లా కొత్త గుడ్డను పాత గుడ్డ పక్కన చేర్చి కుట్టినప్పుడే వస్తుంది.

నిరుడు మా అమ్మాయికి ఏడో నెల వచ్చింది. మా అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. అమ్మ కట్టిన చీరల్లో నా దగ్గర మిగిలింది ఒక్కటే, గంధం రంగు మంగళగిరి నేతచీర. ఉతికి ఉతికి పువ్వులా మెత్తబడింది. మా అమ్మాయి దాన్ని చేత్తో తడిమి, "అమ్మా, దీంతో పుట్టబోయేవాడికి బొంత కుట్టవూ? అమ్మమ్మ ఎత్తుకున్నట్లు ఉంటుంది" అంది. కాదనగలనా! చీరను నాలుగు మడతలు వేశాను. చుట్టూ అంచుకు, మధ్యలో నాలుగు పువ్వులకు ఎర్రటి కొత్త నూలు గుడ్డ మీటరున్నర కొన్నాను. కొట్లో అబ్బాయి, "గ్యారంటీ రంగమ్మా, చిరిగిపోవాలే గాని రంగు పోదు" అన్నాడు. అయినా నేను నిర్లక్ష్యం చేయలేదు. మీకు చెప్పినట్లే ఉప్పూ వెనిగరూ వేసి రాత్రంతా నానబెట్టాను. పొద్దున చూస్తే నీళ్ళు దాదాపు తేటగా ఉన్నాయి. చూశారా, ఎంత బాగా పనిచేసిందో అని మురిసిపోయి, ఒక్కసారి జాడించి ఆరేసి, రెండు నెలలు కూర్చుని కుట్టాను.

మనవడు పుట్టాడు. పదకొండో రోజున వాణ్ణి ఆ బొంత మీద పడుకోబెట్టాం. పసివాడు చేసే పని వాడు చేశాడు. బొంత తడిసింది. సబ్బు నీళ్ళలో ముంచి, పిండి, మేడ మీద ఎండలో వేసి వచ్చాను. మధ్యాహ్నం తీయబోతే ఏముంది! అమ్మ చీర నిండా గులాబీ చారలు. పువ్వుల చుట్టూ ఎర్రటి చెరువులు. బొంతను ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. చీర ఖరీదు ఎంతని కాదు. మళ్ళీ కొందామంటే దొరికేది కాదు గదా అది!

మాకు రెండు వీధుల అవతల ఒక పెద్దాయన ఉన్నారు. చీరాల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. వయసులో ఉండగా నూలు అద్దకం పని చేశారు. బొంత పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఎర్ర గుడ్డను తడి వేలితో రుద్ది వేలు చూసుకున్నారు.

"ఏం చేశావమ్మా దీనికి?"

"ఉప్పు వేసి నానబెట్టాను బాబాయిగారూ. వెనిగరూ వేశాను."

"ఉప్పెందుకు?"

"రంగు నిలవడానికి."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను, రేడియోలో."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అరుగు మీద కూర్చోబెట్టి గంటసేపు ఓపికగా బోధించారు. ఆయన చెప్పినదీ, ఆ తరవాత నేను చదివి, చేసి చూసి నేర్చుకున్నదీ మీకు చెబుతాను.

ఉప్పు సంగతి మొదట. అద్దకం చేసేవారు రంగు తొట్టిలో ఉప్పు వేస్తారు, నిజమే. నీళ్ళలో కరిగిన రంగును నూలులోకి నెట్టడానికి అది సాయం చేస్తుంది. అంతటితో దాని పని సరి. గుడ్డ తయారై, బజారుకు వచ్చి, మన బకెట్లో పడ్డాక ఉప్పు చేయగలిగింది లేదు. అట్టు పెనం మీద ఉన్నప్పుడు చుట్టూ నూనె వేస్తే కరకరలాడుతుంది. అట్టు కంచంలోకి వచ్చాక నూనె పోస్తే ఏమవుతుంది? ఇదీ అంతే. పైగా ఉప్పు నీళ్ళలో ఒక మోసం కూడా ఉంది. ఉప్పు ఉన్నంతసేపూ కొన్నిరకాల రంగులు గుడ్డను వదలకుండా ఉంటాయి. నీళ్ళు తేటగా కనిపిస్తాయి. మనం నమ్ముతాం. ఆ తరవాత మంచినీళ్ళూ సబ్బూ తగలగానే దాగిన రంగు బయటపడుతుంది. నాకు జరిగింది సరిగ్గా అదే.

వెనిగర్ మాటకొస్తే, పట్టుకూ ఉన్నికీ వాడే ఒక జాతి రంగులకు పులుపు కావాలి. అదీ అద్దేటప్పుడే. నూలు గుడ్డ రంగుకు దానితో పని లేదు. ఇక పటిక. పటిక నిజంగా గొప్ప వస్తువు, కానీ దానికీ వేళ ఉంది. మన కలంకారీ చూడండి. గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల, వేసిన గీత పక్కకు పాకదు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళతో అద్ది, ఆ తరవాతే రంగు వేరుతో కాస్తారు. పటిక గుడ్డకూ రంగుకూ మధ్య ముడి వేస్తుంది. నల్లరంగుకు తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్ళు. అడుగడుగునా కాలువ నీళ్ళలో జాడిస్తారు. చీరాలలోనూ, నల్లగొండ వైపు పుట్టపాకలోనూ నేసే తేలియా రుమాళ్ళకైతే నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో మళ్ళీ మళ్ళీ నానబెట్టి ఆరబెడతారు, ఎరుపు గట్టిగా పట్టడం కోసం. అంటే రంగు నిలవడమనేది అద్దకం చేసేచోట తేలవలసిన విషయం. అక్కడ వదిలేసిన పనిని మనం పెరట్లో పటిక ముక్కతో పూర్తి చేయలేం.

మరి మనం చేయగలిగింది ఏమిటి? గుడ్డకు అంటకుండా ఊరికే పట్టుకు వేళ్ళాడుతున్న రంగును కుట్టకముందే వదిలించేయడం. నేను రంగును ఆపాలని చూశాను. చేయవలసింది దాన్ని పోనివ్వడం.

ఇది అర్థం కావాలంటే నూలు రంగుల జాతులు కొంచెం తెలియాలి. భయపడకండి, నేనూ మెట్రిక్ దాకా చదివినదాన్నే, మనకు పనికొచ్చినంతే చెబుతాను.

మొదటిది డైరెక్ట్ రంగులు. చవక. నూలును ఊరికే పట్టుకుని ఉంటాయి, ముడి ఉండదు. తడిసినప్పుడల్లా కొంచెం కొంచెం దిగుతూనే ఉంటాయి. మనం కచ్చా రంగు అనేది సాధారణంగా దీన్నే.

రెండోది రియాక్టివ్ రంగులు. వీటిని బ్రిటన్‌లో ఐ.సి.ఐ. కంపెనీవారు 1956లో ప్రోసియన్ అనే పేరుతో మొదటిసారి బజారులోకి తెచ్చారు. ఇవి నూలుతో నిజంగానే కలిసిపోతాయి. పసుపుతాడు ముడిలాగా గట్టి ముడి. ఈనాటి మంచి నూలు గుడ్డల్లో చాలాభాగం వీటితోనే అద్దుతారు. అయితే తొట్టిలో వేసిన రంగంతా గుడ్డతో కలవదు. కొంతభాగం నీళ్ళతో కలిసిపోయి, ముడి పడే శక్తి కోల్పోయి, గుడ్డలో ఊరికే ఉండిపోతుంది. దాన్ని వేడి సబ్బు నీళ్ళలో బాగా కడిగి పంపాలి. నీళ్ళకూ, వంటచెరకుకూ, పనివాళ్ళకూ వెనకాడి తొందరగా కడిగి పంపితే ఆ మిగులు మన ఇంటికి వస్తుంది. అది పోతే ఇక ఆ గుడ్డతో బాధ లేదు.

మూడోది వ్యాట్ రంగులు. ఉతుకుకు చాలా గట్టివి. ఇక నీలిమందు, నాఫ్తాల్ ఎరుపుల్లాంటివి ఉన్నాయి. ఇవి నీళ్ళలో అంతగా దిగకపోయినా రాపిడికి అంటుతాయి. కొత్త జీను ప్యాంటు తెల్లసోఫా మీద కూర్చుంటే నీలం అంటడం మీరు చూసే ఉంటారు. అలాటి గుడ్డను తెల్లదాని పక్కన కుట్టకపోవడమే మేలు.

రంగు దిగడం కూడా ఒకప్పుడు గొప్పగా చెలామణి అయిందంటే నమ్ముతారా? 1960 దశకంలో మన దక్షిణాదిలో నేసిన మద్రాసు గళ్ళ గుడ్డను అమెరికాలో పిచ్చిగా కొన్నారు. ఉతికిన ప్రతిసారీ గళ్ళు ఒకదానిలోకి ఒకటి కరిగి కొత్త రంగు వచ్చేది. అదే దాని అందమని చెప్పి అమ్మారు. చొక్కాకైతే సరే. ఒక్క గుడ్డే గనక ఏ రంగు ఎటు పోయినా ఒక తమాషా. బొంతలో పది గుడ్డలు జీవితాంతం కలిసి కాపురం చేయాలి. అక్కడ తమాషా పనికిరాదు.

ఇప్పుడు పని చెబుతాను. కాగితం, పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి.

ముందు పరీక్ష. బట్టల పరీక్షశాలల్లో రంగు గుడ్డను తెల్లగుడ్డతో కలిపి ఉతికి, తెల్లదానికి ఎంత అంటిందో చూసి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. 5 వస్తే ఏమీ అంటనట్లు. మనమూ ఇంట్లో అదే పని చేయవచ్చు. కొత్త గుడ్డ మూల నుంచి అగ్గిపెట్టె అంత ముక్క కత్తిరించండి. గాజుగ్లాసులో వేడినీళ్ళు పోసి, చిటికెడు బట్టల సబ్బుపొడి వేసి, ఆ ముక్కనూ, అంతే తెల్ల నూలు పేలికనూ కలిపి వేయండి. గ్లాసులో ఇనప చెంచా ముందే వేసి ఉంచితే వేడికి పగిలే భయం కొంత తగ్గుతుంది. అరగంట తరవాత గ్లాసును తెల్లకాగితం ముందు పెట్టి చూడండి. నీళ్ళు తేటగా ఉంటే మంచిది. రంగు తేలితే తెల్ల పేలికను తీసి చూడండి. పేలిక తెల్లగానే ఉంటే భయం తక్కువ. పేలికకు రంగు పట్టిందా, ఆ గుడ్డను బాగా కడగందే సూది పెట్టకూడదు.

రెండో పరీక్ష రాపిడిది. తెల్లగుడ్డను వేలికి చుట్టి, పొడిగా పదిసార్లు, తడిపి పదిసార్లు రుద్దండి. నీలం, నలుపు, ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ గుడ్డలకు ఈ పరీక్ష తప్పదు.

ఇక ఉతుకు. దేనికది వేరుగా ఉతకాలి. ఎరుపుతో ఎరుపు అని కూడా కలపవద్దు, రెండు ఎరుపుల్లో ఒకటే దొంగ కావచ్చు. గుడ్డ నాలుగు మూలలూ కొంచెం ఏటవాలుగా కత్తిరిస్తే దారాలు ఊడి చిక్కుపడవు.

నూలు గుడ్డకు నీళ్ళు వేడిగా ఉండాలి. ఇక్కడే మనలో చాలామందికి సందేహం. రంగు చీరను చన్నీళ్ళలో ఉతకాలని మనకు అలవాటు. చీర రంగును ఉన్నంతకాలం కాపాడుకోవాలి గనక అది సబబే. బొంత గుడ్డ సంగతి వేరు. దానిలో వదిలే రంగు ఏదో ముందే వదిలిపోవాలి, అందుకు వేడి కావాలి. సుమారు అరవై డిగ్రీలు చాలు. థర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు. ఒక చెంబు కళపెళ మరిగే నీళ్ళకు ఒక చెంబు మామూలు నీళ్ళు కలిపితే ఇంచుమించు అంత వేడి వస్తుంది. అది చెయ్యి కాలే వేడి. చేతులు పెట్టకండి, కర్రతో తిప్పండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. పట్టుకూ ఉన్నికీ మాత్రం ఈ వేడి పనికిరాదు.

నీళ్ళు ఎక్కువ ఉండాలి. ఒక బకెట్‌కు మీటరు, మీటరున్నర గుడ్డ, అంతకు మించవద్దు. గుడ్డ నీళ్ళలో ఈదాలి. బకెట్‌కు ఒక పెద్దచెంచా సబ్బుపొడి. తెలుపు చేసే బ్లీచింగ్ నీళ్ళు వేయకండి, అది అంటిన రంగునూ అంటని రంగునూ కలిపి తినేస్తుంది. అరగంట, మధ్యమధ్య తిప్పుతూ ఉంచండి. సబ్బు ఇక్కడ రెండు పనులు చేస్తుంది. గంజినీ, మగ్గం మీద పెట్టిన పాకాన్నీ వదిలిస్తుంది, వదిలిన రంగును నీళ్ళలోనే పట్టి ఉంచి మళ్ళీ గుడ్డ మీద కూర్చోకుండా చూస్తుంది. నీళ్ళు పారబోసి, మళ్ళీ వేడినీళ్ళు. ఇలా నీళ్ళు తేటపడేదాకా. మూడుసార్లకు తేటపడితే సంతోషం. కొన్ని ఎరుపులకు ఆరేడుసార్లు పట్టవచ్చు. ఆ తరవాత సబ్బు పోయేదాకా మంచినీళ్ళలో జాడించండి.

జాడించిన గుడ్డను ముద్దగా వదిలేసి టీవీ ముందు కూర్చోవద్దు. తడిగుడ్డ మీద తడిగుడ్డ కుప్పపోస్తే ఒకదాని రంగు ఇంకొకదానికి తీరుబడిగా అంటుకుంటుంది. వెంటనే దులిపి, విడివిడిగా, నీడలో గాలి ఆడేచోట ఆరేయండి. కొంచెం తడిగా ఉండగానే ఇస్త్రీ చేస్తే గుడ్డ సరళంగా వస్తుంది. ఇస్త్రీ చేసేటప్పుడు కింద తెల్ల పంచె ముక్క పరవండి. దానికి రంగు అంటితే ఇంకో ఉతుకు బాకీ ఉన్నట్లే.

ఈ ఉతుకుతో ఇంకొక లాభం కూడా ఉంది. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో మీటరుకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల దాకా కుదించుకోవడం మామూలు. పక్కనున్న పాత చీర ముక్క కదలదు. ఉతక్కుండా కుట్టేస్తే కొత్తది ముడుచుకుని పాతదాన్ని లాగుతుంది. బొంత కాస్తా వడియాలు ఎండబెట్టిన గుడ్డలా తయారవుతుంది.

ఎన్ని నీళ్ళు మార్చినా రంగు దిగుతూనే ఉందనుకోండి. అప్పుడు మూడు దారులు. బజారులో డై ఫిక్సర్ అని రంగును పట్టి ఉంచే మందు దొరుకుతుంది. ఉప్పులా కాదు, ఇది డైరెక్ట్ రంగులకూ, రియాక్టివ్ రంగుల మిగులుకూ నిజంగా పనిచేస్తుంది. ముందు బాగా కడిగి, ఆ తరవాతే సీసా మీద చెప్పిన కొలత ప్రకారం వాడాలి. ఒక హెచ్చరిక. తెల్లగుడ్డను పొరపాటున కూడా ఆ నీళ్ళలో ముంచకండి. ఆ మందు రంగును ఆకర్షించే జాతిది, తరవాత ఏ రంగు తగిలినా తెల్లదే ముందుగా పట్టేసుకుంటుంది. రెండో దారి, ఉతికేటప్పుడు నీళ్ళలో తేలిన రంగును పీల్చుకునే కాగితాల్లాంటి గుడ్డముక్కలు వస్తున్నాయి, కలర్ క్యాచర్ అంటారు. ఉతికేనీళ్ళలో ఒకటో రెండో వేస్తే కొంత రక్షణ. నీళ్ళలో తేలిన రంగునే అవి పీలుస్తాయి గాని, తడిగా ఆనుకుని ఉన్న రెండు గుడ్డల మధ్య పాకే రంగును ఆపలేవు. మూడో దారి అన్నిటికంటే చవక. ఆ గుడ్డను పక్కన పెట్టేయడం. గుమ్మానికి తెర కుట్టుకోండి, సంచీ కుట్టుకోండి. దాని కోసం బొంతను బలి చేయకండి.

ఇక, బొంత కుట్టేశాక రంగు దిగితే? దీనికీ ఉపాయం ఉంది. ఆ పెద్దాయన చెప్పినదీ ఇదే.

మొదటి మాట, ఆరనివ్వకండి. నేను చేసిన రెండో తప్పు అది. తడిగా ఉండగా సులువుగా పోయే మరక ఎండితే మొండికెత్తుతుంది. ఇస్త్రీ అసలే పెట్టకండి. చన్నీళ్ళలో ముంచి ఉంచి, ఈలోగా పొయ్యి మీద నీళ్ళు పెట్టండి. పెద్ద టబ్బో గంగాళమో తీసుకుని, ఇందాక చెప్పిన వేడితో నిండా నీళ్ళు పోసి, గిన్నెలు తోమే ద్రవపు సబ్బు అర కప్పు కలపండి. బొంతను వదులుగా మడతలు లేకుండా దించి, ఏ మూలా పైకి తేలకుండా అదిమి, పైన పళ్ళెం బోర్లించండి. పన్నెండు గంటలు అలా వదిలేయండి. నీళ్ళు చల్లారినా ఫరవాలేదు. పొద్దున నీళ్ళు ఎర్రగా ఉంటే పారబోసి మళ్ళీ అదే పని. నీళ్ళు తేటగా వచ్చేదాకా. అప్పుడు సబ్బు పోయేలా జాడించి, పిండకుండా నీళ్ళు ఓడ్చి, పరిచి ఆరబెట్టండి. ఇది నూలు బొంతకు మాత్రమే. మధ్యలో పట్టుచీర పొర ఉంటే ఈ వేడి పెట్టకండి.

ఎండిపోయిన బొంత గదా, ఇంకేం పోతుందని నేను ఆశ వదులుకున్నాను. అయినా చేశాను. మొదటి రాత్రి నీళ్ళు దానిమ్మ రసంలా దిగాయి. రెండో రాత్రి గులాబీ. మూడో రాత్రి లేత గులాబీ. నాలుగో పొద్దున వంగి చూస్తే గంగాళం అడుగు కనపడింది. ఆరేశాక అమ్మ చీర గంధం రంగు గంధంగానే తిరిగి వచ్చింది. ఒక్క మూల, పువ్వు పక్కన, అరచేయంత మేర లేత మరక మిగిలిపోయింది. ఇంకోసారి నానబెడదామని తీస్తూంటే మా అమ్మాయి, "చాల్లే అమ్మా, అమ్మమ్మ చీర ఇంక ఎన్నిసార్లు ఉడకపెడతావు, పాడైపోతుంది" అని లాక్కుపోయింది. మనవడు ఇప్పుడు ఆ మరక ఉన్న మూలే నోట్లో పెట్టుకుని నిద్రపోతాడు. ఆ మూలను చూసినప్పుడల్లా నాకు సొరుగులో పడేసిన ఉత్తరం గుర్తుకొచ్చేది. పోయిన వారం వెతికి తీశాను. ఆలస్యంగానైనా జవాబు రాశాను, తప్పు మీది కాదు నాదని, ఇదే విషయం రేడియోలో కూడా చెబుతానని. ఇదిగో, చెప్పాను.

మరొక్కసారి ముఖ్యమైనవి. కొత్త గుడ్డను గ్లాసులో పరీక్షించాలి. దేనికది వేడి సబ్బునీళ్ళలో, నీళ్ళు తేటపడేదాకా ఉతకాలి. తడిగుడ్డలు కుప్ప వేయకూడదు. పొరపాటున రంగు దిగితే ఆరకముందే వేడినీళ్ళలో నానబెట్టాలి. ఉప్పు కూరలో వేసుకోండి.

మీ ఇళ్ళలో మీరు చేసి చూసినవి ఏమైనా ఉంటే రాయండి. ఈసారి ఉత్తరాలు సొరుగులో పడేయను.